తాత అక్కడివాడే, మరి మనవడో?

ఐర్లండ్ మధ్యలో మనీగాల్ అని ఓ చిన్న ఊరుంది. ఊరంటే ఒకటే వీధి, మూడొందల మంది జనం, అంతే. 2011 మే నెలలో అమెరికా ప్రెసిడెంట్ ఒబామా భార్యతో కలిసి అక్కడికి వచ్చి, జనాలతో చేతులు కలిపి, పబ్బులో కూర్చుని గిన్నెస్ బీరు తాగి వెళ్ళాడు. ఎందుకంటే వాళ్ళమ్మ వైపు ఐదు తరాల వెనక ఫాల్మౌత్ కెర్నీ అనే కుర్రాడు, చెప్పులు కుట్టే ఇంటివాడు, 1850లో ఆ ఊరు వదిలి అమెరికా ఓడెక్కాడు. అదే రోజు డబ్లిన్ మీటింగ్‌లో ఒబామా ఒక జోకేశాడు, మేం మనీగాల్ ఒబామాలం, మా పేరులో దారిలో ఎక్కడో పడిపోయిన అపాస్ట్రఫీ వెతుక్కుందామని ఇంటికొచ్చాను అని. ఓబ్రయన్, ఓకానర్ లాంటి ఐరిష్ పేర్లలో ఓ పక్కన ఉండే ఆ చిన్న కొక్కెం గురించి అన్నమాట. జనం పడీపడీ నవ్వారు. మూడేళ్ళకి ఆ ఊరి పక్కన హైవే మీద బరాక్ ఒబామా ప్లాజా అని పెట్రోల్ బంకూ హోటళ్ళూ కలిపి కట్టారు, ఇప్పటికీ డబ్లిన్ నుంచి లిమరిక్ వెళ్ళేవాళ్ళు అక్కడ ఆగి డీజిల్ కొట్టించుకుని బర్గర్ తినిపోతారు.

ఒబామా ఐరిష్ వాడని ఆ నవ్విన వాళ్ళలో ఒక్కరైనా అనుకున్నారా? లేదు, ఆయనా అనుకోలేదు, అందుకే ఆ జోకు పండింది. అదే మాట ఇంకో అమెరికన్ టూరిస్టు సీరియస్‌గా, "నేను కూడా ఐరిషే" అని అదే పబ్బులో అంటే మాత్రం పక్క టేబుల్ వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. పూర్వీకులు ఒక దేశం వాళ్ళైతే ఆ దేశం పేరు మనం చెప్పుకోవచ్చా అనే పంచాయితీ ప్రపంచమంతా ఉంది గానీ ఐర్లండ్‌లో ఉన్నంత ముదిరి ఇంకెక్కడా ఉండదేమో, లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. 2022 జనగణనలో ఐర్లండ్ దేశ జనాభా 51 లక్షలు. 2020 జనగణనలో అమెరికాలో మా మూలాలు ఐరిష్ అని రాయించుకున్న వాళ్ళు 3.8 కోట్ల పైమాటే. ఇంట్లో ఉన్నవాళ్ళ కంటే చుట్టాలమని చెప్పుకునేవాళ్ళు ఏడింతలు.

అసలు ఈ గొడవలో సగం మాట దగ్గరే వస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి, అక్కడే స్కూలు, కాలేజీ, ఉద్యోగం అన్నీ అయిపోయిన కుర్రాణ్ణి మీదే ఊరు అని అడగండి, "ఉండేది కూకట్‌పల్లి, సొంతూరు మాత్రం గుడివాడ దగ్గర" అంటాడు. ఆ ఊళ్ళో వాడు వరసగా పది రోజులు ఉండి ఉండడు, వేసవి సెలవుల్లో తాతగారింట్లో మామిడికాయలు తిన్నదే మొత్తం పరిచయం, అయినా అబద్ధం చెప్తున్నాడని ఎవరూ అనరు. ఎందుకంటే సొంతూరు అనే మాటకి అర్థం నేనక్కడ బతికాను అని కాదు, మావాళ్ళు అక్కణ్ణుంచి కదిలారు అని. అదే కుర్రాడు పంచాయతీ ఎన్నికలప్పుడు గుడివాడ పక్క ఊరికెళ్ళి మన ఊరికి ఏం కావాలో నేను చెప్తా అంటే మాత్రం, ఊళ్ళో వాళ్ళు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, బాబూ నువ్వెప్పుడొచ్చావ్, బస్సెన్నింటికి అని మర్యాదగా అడుగుతారు.

బోస్టన్‌లోనో షికాగోలోనో ఒకడు ఐ యామ్ ఐరిష్ అన్నప్పుడు వాడు చెప్పేది సొంతూరు సంగతి. అక్కడ అందరూ ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళే కాబట్టి పక్కింటివాడు ఇటాలియన్, ఎదురింటివాడు పోలిష్, నేను ఐరిష్, వెనకాల అమెరికన్ అనే ముక్క ఎవరూ పలకరు, అందరికీ తెలిసిందే కదా. విమానం ఎక్కి డబ్లిన్‌లో దిగి అదే మాట అంటే అర్థం మారిపోతుంది. అక్కడ ఐరిష్ అంటే ఇక్కడి బళ్ళో చదివినవాడు, ఇక్కడి ఇంటద్దె కట్టలేక ఏడ్చేవాడు, బడిలో నిర్బంధంగా నేర్పిన ఐరిష్ భాష పెద్దయ్యాక సగం మర్చిపోయినవాడు. మాట ఒకటే, ప్రశ్నలు రెండు. అట్లాంటిక్ అవతల అడిగేది మీ వాళ్ళెవరు అని, ఇవతల అడిగేది నువ్వెవరు అని. ఈ తేడా పట్టుకుంటే చాలా తగాదాలు అక్కడే సద్దుమణుగుతాయి, కానీ అన్నీ కావు.

ఎందుకంటే కొందరు సొంతూరు దగ్గర ఆగరు. ఇలాంటి వాళ్ళకి ఐర్లండ్‌లో ప్లాస్టిక్ ప్యాడీ, అంటే నకిలీ ఐరిష్ వాడు, అని ఒక వెక్కిరింపు పేరుంది, మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండక్కి ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని, ఆకుపచ్చ రంగు కలిపిన బీరు తాగి మాది ఐరిష్ రక్తం అని ఊగేవాళ్ళని ఉద్దేశించి. టోపీలతో ఎవరికీ నష్టం లేదు, నవ్వుకుని వదిలేస్తారు. అసలు కోపం ఎక్కడంటే, 1970 నుంచి న్యూయార్క్ కేంద్రంగా నోరెయిడ్ అనే సంస్థ ఉత్తర ఐర్లండ్ కోసమని చందాలు పోగేసింది, ఖైదీల కుటుంబాలకే ఇస్తున్నాం అని వాళ్ళన్నారు, ఆ డబ్బు అక్కడ బ్రిటన్ పాలన మీద సాయుధంగా పోరాడే ఐఆర్ఏ అనే దళం తుపాకులకి పోతోందని బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు రెండూ మొత్తుకున్నాయి. బార్‌లో డబ్బా తిప్పితే డాలరు వేసినవాడు రాత్రికి ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాడు, బాంబు పేలేది బెల్‌ఫాస్ట్‌లో. డల్లాస్‌లో కూర్చుని ఇక్కడి ఎన్నికల్లో ఎవరు గెలవాలో ఫేస్‌బుక్‌లో తేల్చేసే మనవాళ్ళని చూసి ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఏం మండుతుందో, అదే ఇది, కాకపోతే వంద రెట్లు. నేను అక్కడివాణ్ణి అనే మాటలో ఒక హక్కు అడగడం ఉంది, కానీ ఆ హక్కు వాడుకున్నాక వచ్చే తిప్పలు పడేది ఇంకొకళ్ళు.

అలాగని దూరంగా ఉన్నవాళ్ళకి ఏ సంబంధమూ లేదని కొట్టిపారేద్దామంటే ఐర్లండ్ చరిత్రే ఒప్పుకోదు. 1845లో బంగాళాదుంపకి తెగులొచ్చి మొదలైన కరువులో ఏడెనిమిదేళ్ళలో దాదాపు 10 లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో 10 లక్షల మందికి పైగా దేశం వదిలిపోయారు. ఆ పోయినవాళ్ళు సరదాకి పోలేదు. వాళ్ళు పంపిన డబ్బుతోనే ఇక్కడ చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. బ్రిటన్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు రోజున డబ్లిన్ పోస్టాఫీసు ముందు చదివిన స్వాతంత్ర్య ప్రకటనలోనే అమెరికాలో ఉన్న ప్రవాస బిడ్డల మద్దతు గురించి ఒక ముక్క ఉంది. ఆ తిరుగుబాటు నాయకుల్నే చూడండి, జేమ్స్ కానలీ పుట్టింది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో. తర్వాత ప్రధానీ, రాష్ట్రపతీ అయిన డి వలేరా పుట్టింది న్యూయార్క్‌లో, రెండేళ్ళ వయసులో లిమరిక్ జిల్లాలో అమ్మమ్మగారింటికి పంపేశారు, తండ్రి వైపు స్పానిష్ పేరు. పుట్టుకని బట్టి లెక్కేస్తే స్వతంత్ర ఐర్లండ్‌ని కట్టినవాళ్ళలో కొందరు పరాయివాళ్ళే. కాకపోతే వీళ్ళు టోపీ పెట్టుకుని పోలేదు, కానలీని గాయాలతో కుర్చీలో కూర్చోబెట్టి కాల్చేశారు, డి వలేరాకి మరణశిక్ష పడి తృటిలో తప్పింది.

సరే, మనుషుల లెక్క అది. గవర్నమెంటు లెక్క వేరు, దానికి కావలసింది కాగితం.

ఐర్లండ్ చట్టం ప్రకారం అమ్మమ్మా తాతయ్యల్లోనో నానమ్మా తాతయ్యల్లోనో ఒక్కరు ఆ ద్వీపంలో పుట్టి ఉంటే చాలు, మనవడు ప్రపంచంలో ఎక్కడ పుట్టినా విదేశీ జననాల రిజిస్టర్‌లో పేరెక్కించుకుని పౌరుడైపోవచ్చు. ఒక్కసారి కూడా ఐర్లండ్ మొహం చూడకపోయినా పర్లేదు, భాష రాకపోయినా పర్లేదు, దేశగీతం ఏంటో తెలియకపోయినా ఎవరూ అడగరు. 2016లో బ్రెగ్జిట్ ఓటు పడి, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని తేలాక ఇంగ్లండ్‌లో ఎంతోమందికి హఠాత్తుగా ఐరిష్ అమ్మమ్మలు గుర్తొచ్చింది ఇందుకే, యూరప్ క్యూలో నిలబడటానికి ఆ పాస్‌పోర్ట్ పనికొస్తుంది. దాన్ని తప్పుపట్టక్కర్లేదు, చట్టం ఇస్తానంది, వాళ్ళు తీసుకున్నారు.

అసలు ముచ్చట ముత్తాత దగ్గరుంది. ముత్తాత మాత్రమే ఐర్లండ్‌లో పుట్టి ఉంటే రూల్ ఏంటంటే, నువ్వు పుట్టేనాటికే మీ అమ్మో నాన్నో ఆ రిజిస్టర్‌లో ఎక్కి ఉండాలి. మాట వరసకి ఒకామె 2015లో తన తాత పేరు మీద రిజిస్టర్ చేయించుకుందనుకోండి. ఆమెకి 2012లో ఒక కొడుకు, 2017లో ఒక కూతురు. కూతురికి ఐరిష్ పౌరసత్వం అడిగే హక్కు ఉంది, కొడుక్కి ఆ దారి లేదు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ముత్తాత, ఒకే రక్తం. తేడా ఏంటంటే తల్లి ఫారం నింపిన తేదీ. రక్తమే జాతి అని వాదించేవాళ్ళు ఈ అన్నాచెల్లెళ్ళ దగ్గర ఏం చెప్తారో చూడాలి.

పోనీ ఆ కాగితాలైనా తేలిగ్గా దొరుకుతాయా అంటే అదో పెద్ద కథ. తాత జనన పత్రం, పెళ్ళి పత్రం, అమ్మ జనన పత్రం, ఆమె పెళ్ళి పత్రం, నీది, ఇలా గొలుసులో ఒక్క లింకు తెగకూడదు, పేర్ల స్పెల్లింగులు కలవాలి. ఐర్లండ్‌లో అందరి జననాలూ ప్రభుత్వం నమోదు చేయడం మొదలైందే 1864లో, కరువుకి పారిపోయినవాళ్ళు అంతకుముందే పోయారు, వాళ్ళ గురించి తెలియాలంటే చర్చి పుస్తకాలే గతి. 1922లో అంతర్యుద్ధం మొదలవుతూనే డబ్లిన్‌లో రికార్డుల ఆఫీసు పేలిపోయి తగలబడింది, శతాబ్దాల కాగితాలు బూడిదై ఊరి మీద రాలాయి, 1821 నుంచి 1851 దాకా తీసిన జనగణన పుస్తకాలు చాలావరకు అందులోనే పోయాయి. అంటే ఎవరి వంశం నిలిచింది, ఎవరిది గాలికి పోయింది అనేది కొంత ఆ మంట తేల్చింది.

ఈ రూళ్ళకి అందని దూరపు చుట్టాలకి కూడా ఏదో ఒకటి ఇద్దామని ఐర్లండ్ ప్రభుత్వం 2011లో ఇంకో పని చేసింది. ఎన్ని తరాల వెనకైనా సరే ఒక ఐరిష్ పూర్వీకుణ్ణి చూపిస్తే, ఫీజు కట్టించుకుని, మీది ఐరిష్ వారసత్వం అని అందమైన సర్టిఫికెట్ ఇస్తాం అంది. టామ్ క్రూజ్‌కి కూడా ఒకటి ఇచ్చారు. ఇళ్ళల్లో ఫ్రేము కట్టించుకుని పెట్టుకుంటారని లెక్కేశారు గానీ, అనుకున్నంత మంది కొనలేదని 2015లో మూసేశారు. ఆలోచిస్తే సహజమే. జనానికి కావలసింది రెండే, పనికొచ్చే పాస్‌పోర్టన్నా కావాలి, లేదంటే గుమ్మంలో ఎవరైనా రావమ్మా కూర్చో అనన్నా అనాలి. చుట్టరికానికి రసీదు ఎవడిక్కావాలి?

ఈ చుట్టరికం అనే మాటే ఇక్కడ సరిపోతుంది. చుట్టరికం ఒక్కవైపు నుంచి కలవదు. దూరపు బంధువు ఇంటికొచ్చి మీ ముత్తాతా మా ముత్తాతా అన్నదమ్ములు అంటే సంతోషిస్తారు, కాఫీ ఇస్తారు, భోజనం చేసి వెళ్ళమంటారు. ఆస్తి పంపకాల్లో కూర్చుంటానంటే ఒప్పుకోరు. కానీ పదేళ్ళు ఆ ఇంటి మంచీచెడ్డల్లో నిలబడినవాణ్ణి, రక్తం ఒక్క చుక్క కలవకపోయినా, మా అన్న అంటారు.

దీనికి ఐర్లండ్ ఫుట్‌బాల్ టీమ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1986లో జాక్ చార్ల్‌టన్ అనే ఆయన్ని కోచ్‌గా పెట్టారు. అచ్చమైన ఇంగ్లిష్ వాడు, 1966లో ఇంగ్లండ్‌కి ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆటగాడు. ఈయనొచ్చి ఫిఫా రూల్ పుస్తకం తీసి, ఇంగ్లండ్ స్కాట్లండ్ క్లబ్బుల్లో ఆడే కుర్రాళ్ళలో ఎవరికి ఐరిష్ అమ్మానాన్నలున్నారు, ఎవరికి ఐరిష్ అమ్మమ్మలున్నారు అని జల్లెడ పట్టాడు. 1988 యూరో టోర్నీలో స్టుట్‌గార్ట్‌లో ఇంగ్లండ్‌ని 1-0తో కొట్టారు, ఆ గోలు కొట్టిన రే హౌటన్ పుట్టింది గ్లాస్గోలో, మాట్లాడేది స్కాటిష్ యాస. ఐర్లండ్‌లో ఆ రాత్రి ఎవరైనా వాడి యాస గురించి పట్టించుకున్నారా? 1990 ప్రపంచ కప్పులో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళారు. అమ్మమ్మ వల్ల ఆడుతున్నారని ఇంగ్లండ్ వాళ్ళు ఎగతాళి చేస్తుంటే డబ్లిన్ వీధుల్లో జనం నాట్యాలు చేశారు.

ఆ టీమ్‌లోనే టోనీ కాస్కరీనో అని ఒకతను. లండన్ పక్కన పుట్టాడు, తండ్రి వైపు ఇటలీ పేరు, తల్లి వైపు తాత ఐర్లండ్ పశ్చిమాన మేయో జిల్లావాడు. ఆ తాత పేరు మీదే జట్టులోకొచ్చాడు. ఆడుతూ ఉండగా 1996లో వాళ్ళమ్మ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది, నన్ను వాళ్ళు పెంచుకున్నారు, ఆ తాత నీకు రక్తసంబంధం కాదు అని. అంటే ఐరిష్ రక్తం ఒక్క చుక్క కూడా లేదు. అతను ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకుని ఆడుతూనే ఉన్నాడు, మొత్తం 88 మ్యాచ్‌లు, అప్పటికి ఆ దేశం తరఫున అదే రికార్డు. రిటైరయ్యాక 2000లో ఆత్మకథలో తనే బయటపెట్టి, నేను నకిలీ ఐరిష్ వాణ్ణి అని రాసుకున్నాడు. పెద్ద దుమారం లేచింది, తీరా చూస్తే చట్టం ప్రకారం దత్తత తీసుకున్న బిడ్డ కూడా సొంత బిడ్డతో సమానమే, కాబట్టి అతని తల్లి ఐరిషే, అతనూ అర్హుడే అని తేలింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చట్టం అతన్ని ఎప్పుడూ నకిలీ అనలేదు, అభిమానులూ అనలేదు, అతనే అనుకున్నాడు. పద్నాలుగేళ్ళు ఆ దేశం చొక్కా వేసుకుని, దేశగీతం పాడేటప్పుడు నిలబడి, దెబ్బలు తిని ఆడినవాడికి కూడా లోపల ఎక్కడో రక్తమే అసలు రుజువు అనే నమ్మకం పాతుకుపోయి ఉంది. ఆ నమ్మకం అంత గట్టిది.

చార్ల్‌టన్‌కి 1996లో గౌరవ పౌరసత్వం ఇచ్చారు, 2020లో చనిపోతే ఐర్లండ్ మొత్తం సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. ఆయనకైతే అమ్మమ్మ కూడా లేదు.

ఇంతవరకూ తీపి కథ. వంశాన్ని లెక్కలోకి తీసుకోవడం దూరంగా ఉన్నవాళ్ళ మీద ప్రేమలాగే కనిపిస్తుంది, కానీ అదే తూకం దగ్గరగా ఉన్నవాళ్ళకి వేరేగా తూగుతుంది. 2004 దాకా ఐర్లండ్ నేల మీద పుట్టిన ఏ బిడ్డకైనా పౌరసత్వం ఉండేది. నైజీరియా నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో గర్భిణులు కావాలని వస్తున్నారని ప్రచారం జరిగి, 2004 జూన్‌లో రెఫరెండం పెడితే 79 శాతం మంది ఆ హక్కు తీసేయమని ఓటేశారు. 2005 జనవరి నుంచి పుట్టే పిల్లలకి, తల్లిదండ్రుల్లో ఒకరు ఐరిషో బ్రిటిషో అన్నా అయ్యుండాలి లేదా ముందు నాలుగేళ్ళలో మూడేళ్ళు అక్కడ చట్టబద్ధంగా ఉండన్నా ఉండాలి. అంటే డబ్లిన్ ఆస్పత్రిలో పుట్టి, డబ్లిన్ యాసలో మాట్లాడుతూ, డబ్లిన్ బడికెళ్ళే పిల్ల పౌరురాలు కాకపోవచ్చు, బోస్టన్‌లో పుట్టి ఎన్నడూ అట్లాంటిక్ దాటని మనవడు ఫారం నింపితే పౌరుడు. ఆరేళ్ళ ముందే అదే రాజ్యాంగంలో రెండో అధికరణంలో, విదేశాల్లో ఉన్న ఐరిష్ వంశీకులతో మా జాతికి ప్రత్యేక అనుబంధం ఉంది అని ఎంతో ఆప్యాయంగా రాసుకున్నారు కూడా. ఆప్యాయత సంగతి సరే, ఎదురుగా నిలబడ్డ పిల్ల మాటేంటి అని అడిగినవాళ్ళు ఆ 21 శాతంలో ఉండిపోయారు.

చట్టం ఒప్పుకున్నా చర్మం రంగు దగ్గర ఆగిపోయిన కథలూ ఉన్నాయి. ఆ ఫుట్‌బాల్ టీమ్‌లో జనం అందరికంటే ఎక్కువ ప్రేమించిన పాల్ మెక్‌గ్రాత్, తల్లి ఐరిష్, తండ్రి నైజీరియన్, లండన్‌లో పుట్టి డబ్లిన్ అనాథాశ్రమాల్లో పెరిగాడు. కావలసిన రక్తమూ ఉంది, ఆ నేల మీద పెంపకమూ ఉంది, అయినా నువ్వెక్కణ్ణుంచొచ్చావ్ అనే మాట చిన్నప్పుడంతా విన్నాడు. రాక్ గాయకుడు ఫిల్ లినట్ కూడా అంతే, ఐరిష్ తల్లి, గయానా తండ్రి, పెరిగింది డబ్లిన్‌లో. ఇవాళ ఆ ఊరి నడిబొడ్డున అతని కంచు విగ్రహం ఉంది, టూరిస్టులు భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగుతారు. వంశం అనే మాట వాడినప్పుడు జనం మనసులో ఉండేది చాలాసార్లు వంశవృక్షం కాదు, మొహం.

ఇటలీలో ఇదే కథ ఇంకా పచ్చిగా నడిచింది. అక్కడ తరాల పరిమితే ఉండేది కాదు, 1861లో ఇటలీ దేశంగా ఏర్పడ్డాక బతికున్న ముత్తాత తాతని చూపించినా చాలు. బ్రెజిల్, అర్జెంటీనాల నుంచి దరఖాస్తులు కుప్పలు పడి, చిన్న చిన్న ఊళ్ళ మున్సిపాలిటీ ఆఫీసుల్లో గుమాస్తాలు ఇంకో పని చేయలేని స్థితికొచ్చారు, విసిగిపోయి ఒక కొండ ఊరి మేయరు ఆఫీసు మీద బ్రెజిల్ జెండా ఎగరేశాడు. చివరికి 2025 మార్చిలో ప్రభుత్వం ముత్తాతల గేటు మూసి, అమ్మానాన్నలు లేదా వాళ్ళ అమ్మానాన్నల దాకే అంది. బాగానే ఉంది, కానీ అదే ఏడాది జూన్‌లో విదేశీయులు పౌరసత్వానికి పదేళ్ళు కాకుండా ఐదేళ్ళు ఆగితే చాలు అనే రెఫరెండం పెడితే మూడో వంతు మంది కూడా ఓటేయడానికి రాక అది వీగిపోయింది. పర్మేజాన్ చీజ్ చేసే డైరీల్లో ఆవుల్ని చూసుకునే పంజాబీల పిల్లలు అక్కడే పుట్టి అక్కడే పెరిగినా, అమ్మానాన్నలకి ముందే పౌరసత్వం రాకపోతే, 18 ఏళ్ళు నిండేదాకా ఆగాల్సిందే.

వంశం లేకుండా ఒక దేశం వాడైపోయిన కథ ఒకటి మనకి దగ్గర్లోనే ఉంది. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి, 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. చదువు సంగతెలా ఉన్నా అక్కడి జాతీయవాదుల గాలి బాగా సోకింది, 1916 తిరుగుబాటు తర్వాత దేశం వదిలి వెళ్ళమని ఆర్డర్లొచ్చాయి. ఆ ఏడు పోలీసులకి ఎవరెవరి మీద అనుమానం వచ్చిందో ఆ లిస్టులో ఒక తెలుగువాడు ఉన్నాడు. అటునుంచి ఇటు చూస్తే అనీ బిసెంట్. పుట్టింది లండన్‌లో, తల్లి ఐరిష్, నా రక్తంలో ముప్పావు వంతూ నా గుండె మొత్తమూ ఐరిషే అని తనే రాసుకుంది. దాదాపు సగం బతుకు మాత్రం ఇక్కడ గడిపింది, 1916లో హోమ్ రూల్ లీగ్ పెట్టింది, హోమ్ రూల్ అనే మాటే ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నది. 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైంది. మదనపల్లెలో ఆమె పేరుతో కాలేజీ ఇప్పటికీ ఉంది, రవీంద్రుడు జనగణమనని ఇంగ్లిష్‌లోకి రాసింది ఆ ప్రాంగణంలోనే. గుండె మొత్తం ఐరిష్ అన్న మనిషికి ఐర్లండ్‌లో ఎంత గుర్తింపు ఉందో గానీ, ఇక్కడ మాత్రం రక్తం సంగతి అడక్కుండానే కలిపేసుకున్నారు.

ఇంకో రకం క్లెయిమ్ ఉంది, అది ఎదురు దిశలో నడుస్తుంది. దూరం పోయినవాడు ఏమీ అడగకపోయినా ఊరే వచ్చి వీడు మావాడు అంటుంది. 2017లో లియో వరాద్కర్ ఐర్లండ్ ప్రధాని అయ్యాడు, డబ్లిన్‌లో పుట్టినవాడు, తండ్రి ముంబై డాక్టరు. మహారాష్ట్ర కొంకణ తీరంలో వరాడ్ అనే పూర్వీకుల ఊళ్ళో సంబరాలు చేసుకున్నారు, 2019 చివర్లో ఆయన వెళితే పూలు చల్లి మరీ తీసుకెళ్ళారు. 2024లో ఉషా వాన్స్ భర్త అమెరికా ఉపాధ్యక్షుడిగా గెలిస్తే పశ్చిమ గోదావరి వడ్లూరులో టపాసులు పేల్చుకున్నారు, ఆమె పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. మన టీవీల్లో వారం రోజులు తెలుగింటి ఆడపడుచు అనే స్క్రోలింగే. సరే, ఆనందం ఉచితమే. కానీ అదే కాలిఫోర్నియాలో పుట్టి మామూలు ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల సెలవులకి ఇండియా వచ్చి తెలుగు తడబడితే, "ఏంటమ్మా మన భాష కూడా రాదా, అమెరికన్ అయిపోయావా" అనేది కూడా మనవాళ్ళే. గెలిచినవాళ్ళకి వంశం గుర్తుచేస్తాం, మిగతావాళ్ళకి పరీక్ష పెడతాం.

భారత ప్రభుత్వం ఈ చిక్కుముడికి వేసిన ముడి పేరు ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు. విదేశీ పౌరసత్వం తీసుకున్న రోజే ఇక్కడి పౌరసత్వం పోతుంది, రెండూ ఉంచుకునే వీల్లేదు, దాని బదులు 2005 నుంచి ఈ కార్డు ఇస్తున్నారు. పేరులో సిటిజన్ అని ఉంటుంది గానీ ఓటు లేదు, పొలం కొనడానికి లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, వీసా లేకుండా వచ్చి ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. పైన చెప్పిన చుట్టరికం లెక్కకి కాగితం రూపం ఇస్తే దాదాపు ఇలాగే ఉంటుంది. కాఫీ, భోజనం, గది, అన్నీ ఉన్నాయి, పంపకాల్లో కుర్చీ లేదు. మామూలుగా ఇది మునిమనవళ్ళ దాకే. మారిషస్‌కి మాత్రం ప్రత్యేకంగా ఏడో తరం దాకా పెంచుతున్నట్టు 2024లో రాష్ట్రపతి ముర్ము అక్కడికెళ్ళినప్పుడు ప్రకటించారు. అక్కడ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ వారసులున్నారు, ఉగాదికి దేశమంతా సెలవు, రామభజనలు తెలుగులో పాడతారు, ఇంట్లో మాట్లాడుకునేది ఎక్కువగా క్రియోల్ అనే అక్కడి భాష. ఆ తాతల ఊరు విశాఖ దగ్గరా కాకినాడ దగ్గరా అనేది చాలామందికి తెలీదు, కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ళని అక్కడ అందరినీ కలిపి కోరంగీలు అనేశారు.

ఓసీఐకి దరఖాస్తు చేసేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. అమెరికన్ పౌరసత్వం తీసుకున్నాక ఇండియన్ పాస్‌పోర్ట్ అప్పగించాలి, వాళ్ళు దాని మీద క్యాన్సిల్డ్ అని ముద్ర కొట్టి తిరిగి పంపుతారు, సరెండర్ సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెడతారు. ఇక దానితో ఏ దేశానికీ వెళ్ళలేరు, పారేయొచ్చు అనుకుంటారు కొందరు. తెలిసినవాళ్ళు మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి లాకర్లో దాస్తారు, ఎందుకంటే పిల్లలకీ, ఆ తర్వాత మనవళ్ళకీ మేం అక్కడివాళ్ళం అని చూపించాలంటే అడిగేది ఆ కొట్టేసిన పాస్‌పోర్టే.